డ్రైనేజీ లైను: జామ్ అయిందా, విరిగిందా? గునపం దించే ముందు తెలుసుకోండి

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఇంటి డ్రైనేజీ లైను గురించే, అందుకే మిగతావన్నీ పక్కన పెట్టి ఈసారి పేజీలన్నీ దీనికే ఇచ్చేస్తున్నా. అవన్నీ చదువుతుంటే నాకు బాధేసింది ఎక్కడంటే, పైపు ఎక్కడ చెడిందో తెలియకముందే చాలా ఇళ్ళల్లో తవ్వకం మొదలైపోతోంది, ఫ్లోరింగ్ అంతా పగలగొట్టాక తీరా చూస్తే అక్కడ పైపు బాగానే ఉంటోంది. మురుగు పైపు భూమిలో ఉంటుంది కాబట్టి ఏం తెలియదులే అనుకుంటాం కానీ అది చెప్పాల్సినవన్నీ చెప్తూనే ఉంటుంది, లైను దారిలో కట్టిన ఛాంబర్, అంటే తనిఖీ గుంట, మూత తీసి చూసేవాళ్ళు కావాలి అంతే.

ప్రశ్న: సార్, మా ఇల్లు కట్టి పాతికేళ్ళు దాటింది. కింద పోర్షన్‌లో కమోడ్ ఫ్లష్ చేస్తే పక్కనున్న స్నానాల గది జాలీలోంచి బుడబుడమని బుడగలొస్తున్నాయి, ఒక్కోసారి నీళ్ళు కూడా పైకి వస్తున్నాయి. రెండు నెలలకోసారి మనిషిని పిలిచి రాడ్డింగ్ చేయిస్తున్నాం, చేసినప్పుడు బాగుంటుంది, మళ్ళీ మామూలే. ఒకాయనేమో లైను మొత్తం మార్చాల్సిందే అంటాడు, ఇంకొకాయన ఏం లేదు రాడ్డు వేస్తే సరిపోద్ది అంటాడు. ఎవరి మాట నమ్మాలి?

ఆ ఇద్దరిలో ఎవరైనా ఛాంబర్లన్నీ తెరిచి వరసగా చూశారా అండీ? మీ ఉత్తరంలో ఆ ముక్క లేదు. చూడకుండా ఎవరేం చెప్పినా అది ఊహే.

ముందు ఇంట్లోంచి మొదలుపెడదాం. ఒక్క సింకో ఒక్క కమోడో మాత్రమే దిగట్లేదంటే గొడవ దాని ట్రాప్‌లోనో (కంపు రాకుండా ఎప్పుడూ నీళ్ళు నిలిచి ఉండే వంపు) దాని సొంత పైపులోనో ఉంటుంది, బయట లైనుకి సంబంధం లేదు. మీ ఇంట్లో అలా కాదు, ఒకచోట వదిలిన నీళ్ళు ఇంకోచోట పైకి తేలుతున్నాయి. అంటే ఆ రెండూ కలిసిన తర్వాత ఎక్కడో కింద అడ్డం ఉంది. అన్నిటికన్నా పల్లంలో ఉన్న జాలీలోంచే ముందు పొంగుతుంది, అందుకే మీకు కమోడ్‌లో కాకుండా స్నానాల గదిలో కనపడుతోంది. ఆ బుడగలేమో పైపులో నీళ్ళ ముందు ఇరుక్కుపోయిన గాలి, ముందుకి దారి లేక వెనక్కి ట్రాప్ నీళ్ళలోంచి తన్నుకొస్తోంది.

ఇప్పుడు బయటికి రండి. ఈసారి జామ్ అయినప్పుడు వెంటనే రాడ్డు వేయించకండి, ఒక్క పది నిమిషాలు ఆగండి. ఇంటి గోడకి దగ్గరున్న ఛాంబర్ నుంచి గేటు దగ్గర చివరి ఛాంబర్ దాకా అన్ని మూతలూ తెరిచి చూడండి. నిండుగా ఉన్న ఛాంబర్‌కీ దాని తర్వాత ఖాళీగా ఉన్న ఛాంబర్‌కీ మధ్య ముక్కలోనే ఉంది మీ రోగం. అన్నీ నిండి ఉంటే చివరి ఛాంబర్ దాటాక, అంటే వీధి లైనుకి కలిపే ముక్కలోనో అసలు వీధి లైనులోనో ఉన్నట్టు. అన్నీ ఖాళీగా ఉండి ఇంట్లో మాత్రం పొంగుతుంటే ఇంటి లోపలి నుంచి మొదటి ఛాంబర్ వరకు ఉన్న ముక్క. ఇంతే, దీనికి మెషీన్లు ఏమీ అక్కర్లేదు. జామ్ లేని రోజున చూసినా ఛాంబర్ లోపలి గోడ మీద ఒక నల్లటి జిడ్డు గీత ఉంటుంది చూడండి, నీళ్ళు అంతెత్తు వరకు నిలిచి నిలిచి దిగిన గుర్తు అది. ఏ ఛాంబర్‌లో గీత ఉంది, ఏ ఛాంబర్‌లో లేదు అన్నది చూస్తే చాలు, జామ్ లేనప్పుడు కూడా సగం సంగతి తెలిసిపోతుంది.

తర్వాత రాడ్డు లేదా స్ప్రింగ్ (పైపులోకి తోసే పొడవాటి వంగే తీగ) వేసేటప్పుడు పక్కనే నిలబడండి. అది ఎక్కడ ఆగిందో అక్కడ ఛాంబర్ అంచు దగ్గర స్ప్రింగుకి ఒక టేపు ముక్క చుట్టించండి, బయటికి తీశాక కొస నుంచి ఆ టేపు దాకా కొలిచి, ఛాంబర్‌లోకి దిగిన లోతు తీసేసి, అదే కొలత పైన నేల మీద పెట్టి సుద్దతో గుర్తు వేయండి. తర్వాతిసారి కూడా ఇదే చేయండి. రెండుసార్లూ గుర్తు అదే చోట పడిందంటే ఆ చోట ఏదో ఉంది.

ఇంకోటి, చాలామంది చూడకుండా కడిగేసేది, కొసకి ఏం అంటుకుని వచ్చిందో అది. మైనంలా తెల్లగా బూడిదరంగులో ముద్దలొస్తే వంటింటి జిడ్డు. గుడ్డ ముక్కలు, తడి టిష్యూలు వస్తే వాడకంలో తప్పు. తడిసిన పీచులాగా సన్నటి గోధుమరంగు పోగులొస్తే చెట్ల వేర్లు, అంటే ఏదో జాయింట్ తెరుచుకుంది. మట్టి, ఇసక, గులకరాళ్ళు, పెంకు ముక్కలు వస్తే మాత్రం పైపు విరిగిపోయింది అని రాసి పెట్టుకోండి, ఎందుకంటే మనం వాడే నీళ్ళలో గులకరాళ్ళు ఉండవు, అవి బయట నుంచి లోపలికి రావాల్సిందే.

ఒకసారి తీస్తే ఏళ్ళ తరబడి మళ్ళీ రానిది జామ్. రెండు నెలలకోసారి అదే చోట వస్తోందంటే చాలావరకు అక్కడ పైపే పాడై ఉంటుంది, రాడ్డు దాన్ని బాగుచేయదు, గట్టిగా పొడిస్తే పగులు ఇంకా పెద్దదవుతుంది కూడా. కాబట్టి మీ రెండో ఆయన మాట తప్పు. అలాగని మొదటాయన మాట ఒప్పు అని కాదు, ఒక్క జాయింటో ఒక్క మూరెడు ముక్కో పోతే లైను మొత్తం ఎందుకు మార్చాలి?

ప్రశ్న: కెమెరా పెట్టి చూడాలంటున్నారు. అది నిజంగా అవసరమా లేక బిల్లు పెంచడానికా? వేరే దారి ఏమన్నా ఉందా?

రెండు ఛాంబర్ల మధ్య పైపు నేరుగా ఉంటే ముందు అద్దం, టార్చ్ పెట్టి చూడండి. పాత మేస్త్రీలు చేసే పద్ధతే. ఒక ఛాంబర్‌లో పైపు నోట్లోకి గట్టి టార్చ్ కొట్టాలి, రెండో ఛాంబర్‌లో పైపు నోటి ముందు ఒక చిన్న అద్దాన్ని కర్రకి కట్టి ఏటవాలుగా దించి పై నుంచే చూడాలి. నిండు చందమామలా గుండ్రంగా వెలుతురు కనపడితే పైపు నేరుగా, ఖాళీగా ఉంది. కింద సగం మూసుకుపోయి అర్ధచంద్రుడిలా కనపడితే మధ్యలో పైపు కుంగి నీళ్ళు నిలిచాయి, లేదా మడ్డి పేరుకుంది. పక్కకి నొక్కేసినట్టుంటే పైపు పక్కకి జరిగింది. అసలు వెలుతురే రాకపోతే మూసుకుపోయినట్టు. ఛాంబర్‌లోకి దిగక్కర్లేదు, దిగకూడదు కూడా, ఆ సంగతి కింద ఇంకో జవాబులో చెప్తాను.

కానీ అద్దంతో పగులు కనపడదు, ఎంత దూరంలో ఉందో తెలియదు. తవ్వాలా వద్దా అని తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు కెమెరా అవసరమేనండీ, అందులో మోసం ఏం లేదు, కాకపోతే సరిగ్గా చేయించుకోవాలి. జామ్ అయి ఉన్నప్పుడు కెమెరా పంపితే మురుగు నీళ్ళే కనపడతాయి, ముందు ప్రెషర్ జెట్‌తో లైను కడిగించి ఆ తర్వాతే పంపించండి. కెమెరా లోపల ఉండగా ఇంట్లో ఒక కుళాయి సన్నగా వదిలి ఉంచండి, నీళ్ళు పారే తీరు చూస్తేనే వాటం, అంటే పైపు ఏటవాలు, సంగతి తెలుస్తుంది. కెమెరా నీళ్ళలో మునిగి మళ్ళీ పైకి తేలిందంటే మధ్యలో పైపు కుంగిందన్నమాట, స్క్రీన్ మీద దూరం అంకె నడుస్తుంటుంది కదా, మునిగినప్పుడు ఎంత, తేలినప్పుడు ఎంత అని రాసుకోండి. చాలా కెమెరాల తలలో చిన్న ట్రాన్స్‌మిటర్ ఉంటుంది, పైన నేల మీద ఒక రిసీవర్ పట్టుకుని నడిస్తే తల సరిగ్గా ఎక్కడుందో, సుమారు ఎంత లోతులో ఉందో చూపిస్తుంది. ఆ గుర్తు వేయించుకోకుండా వాళ్ళని పంపకండి. రికార్డింగ్ మొత్తం అడిగి తీసుకోండి, పగులు ఫోటో ఒక్కటే చూపిస్తే ఒప్పుకోవద్దు, ఆ ఫోటో మీ పైపుదే అని ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: కెమెరాలో వేర్లు కనపడ్డాయి. మా ఇంటి ముందు పెద్ద రావి చెట్టు ఉంది, కొట్టేయమంటున్నారు. నాకు మనసు ఒప్పట్లేదు. మైలుతుత్తం పోస్తే వేర్లు చస్తాయని ఒకరు చెప్పారు, నిజమేనా?

చెట్టుని కొట్టేయకండి అమ్మా, కనీసం ఇప్పుడే వద్దు. తప్పు చెట్టుది కాదు. బాగున్న పైపులోకి వేరు దూరదు. జాయింట్‌లో సన్నటి సందు వచ్చి తడి బయటికి ఊరుతుంటే ఆ తడి కోసం వెంట్రుకంత వేరు ముందు లోపలికి వస్తుంది, లోపల నీళ్ళూ ఎరువూ రెండూ దొరుకుతాయి కాబట్టి అక్కడ గుబురుగా అల్లుకుంటుంది, ఆ గుబురుకి పీచు, టిష్యూలు తట్టుకుని జామ్ అవుతుంది, వేరు లావెక్కేకొద్దీ సందు కూడా పెద్దదవుతుంది. పాతకాలం స్టోన్‌వేర్ పైపులు (కాల్చిన మట్టివి), సిమెంట్ పైపులు పొట్టి పొట్టి ముక్కలు కాబట్టి జాయింట్లు ఎక్కువ, వాటికి సిమెంట్‌తో కాలర్ కట్టేవాళ్ళు, నేల కొంచెం కదిలినా అది చిట్లుతుంది. ఛాంబర్ గోడలోకి పైపు దూరే చోట కూడా అంతే, ఛాంబర్ బరువుకి అది ఒకలాగా దిగుతుంది, పైపు ఒకలాగా దిగుతుంది, మధ్యలో సందు పడుతుంది. మీ కెమెరా రికార్డింగ్‌లో వేర్లు ఎక్కడ మొదలయ్యాయో చూడండి, ఛాంబర్ దగ్గర్లోనే అయితే పని చాలా చిన్నది.

మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, తగిలిన వేర్లని చంపుతుంది, అది నిజమే. కానీ నీళ్ళలో కలిసి పైపు అడుగున జారిపోతుంది, పై భాగంలోంచి వేలాడే వేర్లకి అందదు, పైగా అది విషం, సెప్టిక్ ట్యాంకులో మనకి పనికొచ్చే బాక్టీరియాని కూడా చంపేస్తుంది, చేపలకి మరీ ప్రమాదం. నేనైతే వద్దంటాను. వేర్లు కోసే బ్లేడు స్ప్రింగుకి తగిలించి కోయించడం మేలు, అయినా అదీ గడ్డం గీసుకోవడం లాంటిదే, సందు ఉన్నంతకాలం మళ్ళీ వస్తాయి. కోయించి, శుభ్రం చేయించి, ఆ జాయింట్ మార్చండి. రబ్బరు రింగు ఉన్న జాయింట్‌తో పీవీసీ పైపు వేస్తే వేర్లకి దారి ఉండదు, చెట్టూ ఉంటుంది.

ప్రశ్న: తవ్వకుండానే పాత పైపు లోపల కొత్త పైపు వేస్తాం, లైనింగ్ అంటారు, అని ఒక కాంట్రాక్టర్ చెప్పాడు. మా లైనులో ఒకచోట కుంగింది, రెండుచోట్ల పగుళ్ళు ఉన్నాయి. చేయించుకోవచ్చా?

పగుళ్ళకి చేయించుకోవచ్చు, కుంగినదానికి మాత్రం పనికిరాదు. ఎందుకో చెప్తాను. లైనింగ్ అంటే రెసిన్‌లో నానబెట్టిన గుడ్డ గొట్టాన్ని పాత పైపులోకి పంపి, గాలితోనో నీళ్ళతోనో ఉబ్బించి పైపు గోడకి అంటించి, వేడి నీళ్ళతో గానీ ఆవిరితో గానీ అల్ట్రావయొలెట్ లైటుతో గానీ గట్టిపరుస్తారు. 1971లో లండన్‌లో ఎరిక్ వుడ్ అనే ఇంజినీరు మొదట చేసి చూపించాడు, అప్పట్నుంచి వాడుకలో ఉన్నదే, నమ్మకమైన పనే. కానీ ఆ గొట్టం పాత పైపు ఎలా ఉంటే అలాగే పడుకుంటుంది. పాత పైపు మధ్యలో పొట్టలా కిందకి దిగి ఉంటే కొత్త గొట్టం కూడా అదే పొట్టలో దిగుతుంది, నీళ్ళు అక్కడే నిలుస్తాయి, మడ్డి అక్కడే పేరుకుంటుంది, డబ్బులు మాత్రం పోతాయి. అలాగే పైపు పూర్తిగా కూలిపోయిన చోట, ఒక ముక్క ఇంకో ముక్క నుంచి బాగా పక్కకి జరిగిన చోట గొట్టం దాటదు.

కాబట్టి మీకు నేను చెప్పేదేంటంటే కుంగిన ముక్కని తవ్వి తీసి వాటం సరిచేసి కొత్త పైపు వేయించండి, ఆ రెండు పగుళ్ళు ఏ గచ్చు కిందో ఏ గోడ కిందో తవ్వలేని చోట ఉంటే వాటికి మాత్రం లైనింగ్ పెట్టుకోండి. పగులు ఉన్నంత మేరకే వేసే పొట్టి ముక్క లైనింగ్ కూడా ఉంటుంది, అడగండి. మధ్యలో వేరే బాత్రూమ్ పైపు వచ్చి కలుస్తుంటే లైనింగ్ దాని నోరు మూసేస్తుంది, తర్వాత లోపల కట్టర్ పంపి ఆ నోరు తెరవాలి, ఆ పని కూడా కాంట్రాక్ట్‌లో రాయించుకోండి. కొన్నిచోట్ల పాత పైపుని లోపల నుంచే పగలగొట్టుకుంటూ వెనకే హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ పైపుని లాగే పద్ధతి కూడా ఉంది, దానికి రెండు చివర్లా గోతులు కావాలి, పక్కనే మంచినీళ్ళ పైపో కేబులో ఉంటే మాత్రం అది దెబ్బతినే ప్రమాదం ఉంది.

ప్రశ్న: జామ్ అయిన ప్రతిసారీ యాసిడ్ పోస్తున్నాం, పర్లేదా?

వద్దు. నిలిచిన నీళ్ళలో పోసిన యాసిడ్ అడ్డం దాకా చేరేలోపే పలచబడిపోతుంది, కాస్ట్ ఐరన్ పైపునీ సిమెంట్ జాయింట్లనీ మాత్రం తింటుంది. అంతకన్నా ముఖ్యం, ముందు ఎవరో బ్లీచింగ్ పౌడర్ వేసి ఉన్న చోట యాసిడ్ పడితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, మూసిన బాత్రూమ్‌లో అది ప్రాణం తీస్తుంది. తర్వాత రాడ్డు వేయడానికి వచ్చే మనిషి మొహం మీద ఆ యాసిడ్ నీళ్ళు చిమ్మితే ఏంటి పరిస్థితి, అది కూడా ఆలోచించండి. పోసి ఉంటే వచ్చిన మనిషికి తప్పకుండా చెప్పండి.

ప్రశ్న: అన్నా, మా ఇంట్లో మామూలు రోజుల్లో ఏ ఇబ్బందీ లేదు. వాన పడితేనే ఛాంబర్ పొంగుతుంది. ప్లంబర్‌కి చూపిస్తే ఆ రోజు వాన లేదు, అంతా బాగుంది అని వెళ్ళిపోయాడు.

వాన పడ్డాక ఎంతసేపటికి పొంగుతోంది, ఎంతసేపు ఉంటోంది, ఈ రెండూ గడియారం చూసి రాసుకో తమ్ముడూ, సగం సమాధానం అక్కడే ఉంది.

వాన మొదలైన కొద్ది నిమిషాలకే ఎక్కి, వాన ఆగగానే దిగిపోతే మేడ మీద నీళ్ళో వాకిట్లో నీళ్ళో ఎక్కడో మీ డ్రైనేజీ లైనులోకి కలిపేసి ఉన్నారు, లేదా ఛాంబర్ మూత చుట్టుపక్కల నేలకన్నా పల్లంలో ఉండి నీళ్ళు అందులోకే దిగుతున్నాయి. మేడ మీద జాలీలో ఒక బకెట్ రంగు నీళ్ళు పోసి కింద ఛాంబర్‌లో రంగు వస్తుందేమో చూస్తే తేలిపోతుంది. అలా ఉంటే వాననీళ్ళని విడదీయడమే, పైపు రిపేరు కాదు.

వాన ఆగి రెండు రోజులైనా ఛాంబర్‌లో నీళ్ళు ఎక్కువగానే పారుతుంటే మాత్రం భూమిలో నీళ్ళు పగుళ్ళలోంచి పైపులోకి ఊరుతున్నాయి. దీన్ని పట్టుకోవాలంటే తెల్లవారుజామున, ఇంట్లో ఎవ్వరూ లేవకముందు, కుళాయిలన్నీ కట్టేసి ఉన్నాయని చూసుకుని మూత తెరువు. ఆ టైములో పైపు నోటి దగ్గర ఏమీ రాకూడదు. తేటగా సన్నటి ధార వస్తోందంటే అది మురుగు కాదు, భూమిలో నీరు, లేదా ఇంట్లో ఫ్లష్ ట్యాంక్ కారుతోంది. ట్యాంకులో కాస్త రంగు వేసి అరగంట ఫ్లష్ కొట్టకుండా ఉంచి కమోడ్‌లోకి రంగు దిగిందా లేదా చూసి ఆ అనుమానం తీర్చేసుకో.

ఇలా ఊరే పగుళ్ళని నిర్లక్ష్యం చేయకూడదు, ఎందుకంటే నీళ్ళు ఒక్కటే రావు, చుట్టూ ఉన్న మట్టిని కొంచెం కొంచెంగా తెస్తాయి, పైపు పైన డొల్ల పడుతుంది. లైను వెళ్ళే దారిలో గచ్చు మీద కర్రతో తడుతూ నడువు, గట్టిగా పలికేది ఒక్కసారిగా డబ్ అని డొల్లగా మోగితే అక్కడ ఆగు. నేనొక ఇంట్లో అలా తట్టి పలక లేపించినప్పుడు పైపు మీద మనిషి కూర్చునేంత ఖాళీ ఉంది, దాని మీదే ఆ ఇంటివాళ్ళు బండి పెట్టుకుంటున్నారు.

ఇక మీ ఛాంబర్లో వచ్చేది వీధి లైను నుంచి వెనక్కి తన్నే మురుగు అయితే, అంటే చివరి ఛాంబర్‌లో నీళ్ళు వీధి వైపు నుంచి లోపలికి పారుతూ కనపడితే, నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించుకో, నీళ్ళని బయటికి పోనిచ్చి వెనక్కి వస్తే మూసుకునే చిన్న తలుపు అది. కాకపోతే అది మూసుకున్నంతసేపూ మీ ఇంటి నీళ్ళు కూడా బయటికి పోవు, ఆ టైములో స్నానాలూ బట్టలుతకడం ఆపుకోవాలి, దాన్ని అప్పుడప్పుడు తీసి కడగాలి కూడా, గుడ్డ పేలిక ఒకటి ఇరుక్కున్నా తలుపు పడదు.

ప్రశ్న: లైను చెడిన చోటు తెలిసింది. పది అడుగుల ముక్క, లోతు మూడడుగులు. మేస్త్రి చేస్తాడు, నేను దగ్గరుండి చూసుకుంటాను. ఏమేం చూడాలో వివరంగా చెప్పండి సార్.

ఇలాంటి ప్రశ్న వస్తే నాకు చాలా సంతోషంగా ఉంటుంది, దగ్గరుండి చూసుకునే ఇల్లుగల మనిషి ఉంటే ఆ పని తేడా రాదు.

తవ్వేముందు ఆ దారిలో కరెంటు కేబులు, మంచినీళ్ళ పైపు, గ్యాస్ పైపు ఉన్నాయేమో కనుక్కోండి. పైపు దగ్గరికి వచ్చేసరికి గునపం ఆపేసి చిన్న పారతో, చేత్తో తీయించండి. తీసిన మట్టి గోతి అంచు మీద పోయకూడదు, కనీసం రెండడుగుల దూరం పోయాలి. మీకు లోతు మూడడుగులే కాబట్టి సరే, నాలుగైదు అడుగులు దాటితే మాత్రం పక్కలకి పలకలు ఆన్చి దన్ను పెట్టకుండా మనిషిని గోతిలోకి దించొద్దు, ఒక ఘనపు మీటరు మట్టి టన్నున్నర పైనే ఉంటుంది, ఒంటి మీద పడితే నడుము దాకా కప్పినా మనిషి బయటికి రాలేడు.

ఛాంబర్‌లోకి, సెప్టిక్ ట్యాంకులోకి ఎవ్వర్నీ దించొద్దు, ఒక్క నిమిషమే అని వాళ్ళే ముందుకొచ్చినా ఒప్పుకోవద్దు. అందులో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది, గాలికన్నా బరువు, అడుగున కూర్చుంటుంది. కొంచెం ఉన్నప్పుడు కుళ్ళిన గుడ్డు కంపు కొడుతుంది, మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసన పట్టడమే మానేస్తుంది, వాసన పోయింది కదా అని దిగినవాళ్ళు తిరిగి రాలేదు, వాళ్ళని తీయడానికి దిగినవాళ్ళూ పోయారు. పని అంతా పై నుంచే, రాడ్డుతో, జెట్‌తో, మోటారుతో చేయించండి.

పాత ముక్క కోసేముందు ఇంట్లో అందరికీ చెప్పి నీళ్ళ వాడకం ఆపించండి. చెడిన చోటుకి రెండు వైపులా ఒక్కో అడుగు బాగున్న పైపు కూడా కలిపి కోసేయండి, పగులు కంటికి కనపడే చోటుకన్నా ఎప్పుడూ కొంచెం దూరం పాకి ఉంటుంది. పగులు మీద సిమెంట్ ముద్ద పెట్టి సరిపెడతానంటే ఒప్పుకోకండి, తడి పైపుకి అది పట్టుకోదు, రెండు వానలకే ఊడిపోతుంది.

ఇక అసలు సంగతి వాటం. 4 అంగుళాల పైపుకి పది అడుగులకి 2 నుంచి 3 అంగుళాలు దిగాలి. కంటితో చూసి బాగానే ఉందిలే అంటే కుదరదు, నీళ్ళ ట్యూబ్ లెవెల్ పట్టించండి. మీ దగ్గర పాత పైపు రెండు చివర్లూ ఎంతెత్తులో ఉన్నాయో ముందే కొలుచుకుని, మధ్యలో అంత వాటం వస్తోందో లేదో చూసుకోవాలి. గోతి అడుగు చదును చేసి 4 అంగుళాల మందం ఇసక పోయించండి, పైపు పొడవునా ఆ ఇసక మీద ఆనాలి. పైపు చివర ఇంకో పైపు దూరే సాకెట్ లావుగా ఉంటుంది కదా, దాని కింద ఇసక కాస్త తోడించండి, లేకపోతే పైపు బరువంతా సాకెట్ల మీదే పడి మధ్యలో వేలాడుతుంది, మళ్ళీ కుంగుతుంది. కొంతమంది పైపు కింద అక్కడక్కడా ఇటుక ముక్కలు పెట్టి ఎత్తు సరిచేస్తారు, తీయించేయండి, ఆ ఇటుక మీదే పైపు విరుగుతుంది.

పాత స్టోన్‌వేర్ పైపుకీ కొత్త పీవీసీకీ వెలుపలి సైజు ఒకటి కాదు, రెంటినీ కలపడానికి స్టీలు క్లిప్పులున్న రబ్బరు కప్లింగ్ వాడండి. కొత్త పైపు ఛాంబర్ గోడలోకి దూరే చోట ఒక కిటుకుంది, పీవీసీ నున్నగా ఉంటుంది కాబట్టి సిమెంట్ పట్టదు, ఆ భాగానికి సాల్వెంట్ సిమెంట్ (పీవీసీ పైపులు అతికించే జిగురు) పూసి ఆరకముందే పొడి ఇసక చల్లించండి, ఆరాక గరుకు కాగితంలా అవుతుంది, అప్పుడు సిమెంట్ పట్టుకుంటుంది. ఛాంబర్ అడుగున పైపు నుంచి పైపుకి అరగొట్టంలా నున్నటి కాలవ ఉండాలి, అది విరిగిపోయి గుంటలు పడితే మడ్డి అక్కడే ఆగుతుంది, ఎలాగూ మేస్త్రి ఉన్నాడు కాబట్టి అదీ కట్టించేయండి.

మట్టి కప్పేముందు పరీక్ష. ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. కింది చివర గట్టిగా బిరడా కొట్టి పై చివర నుంచి నీళ్ళు నింపి, మట్టం దగ్గర గుర్తు పెట్టి ఒక అరగంట చూడండి, పాత పైపు ముక్క కూడా కలిసి ఉంటే అది మొదట కొంచెం నీళ్ళు పీలుస్తుంది, కాసేపాగి మళ్ళీ నింపి అప్పుడు చూడండి. జాయింట్ల కింద తడి చేయి పెట్టి కాదు, పొడి చేయి పెట్టి తడమండి. తర్వాత బిరడా తీసి, పైపు లోపలి వ్యాసం కంటే 13 ఎంఎం చిన్నదైన నున్నటి బంతి పై నుంచి వదిలితే దానంతటదే దొర్లి కింది ఛాంబర్‌లోకి రావాలి, మధ్యలో ఆగిందంటే వాటం తప్పింది లేదా జాయింట్ లోపల ఏదో పొడుచుకొచ్చింది. అది సరయ్యాకే పైపు చుట్టూ, పైపు మీద ఆరంగుళాల దాకా ఇసక, ఆ పైన రాళ్ళు ఏరేసిన మట్టి, అరడుగు అరడుగుకీ తడిపి దిమ్మిసతో కొట్టించాలి. మొత్తం మట్టి ఒకేసారి పోసి పైన తొక్కితే ఏడాదిలో గచ్చు కుంగుతుంది.

కప్పేముందు టేపు పక్కన పెట్టి ఫోటోలు తీసుకోండి, గోడ మూల నుంచి ఎంత దూరం, ఎంత లోతు అని కాగితం మీద గీసి ఇంటి కాగితాల్లో పెట్టండి.

ప్రశ్న: జామ్ లేదు, పొంగదు, కానీ ఒక బాత్రూమ్‌లో మురుగు కంపు వస్తూ ఉంటుంది. పైపు పగిలిందంటారా?

ఆ బాత్రూమ్ రోజూ వాడుతున్నారా? వాడకపోతే జాలీ కింద ట్రాప్‌లో నీళ్ళు ఆరిపోయి ఉంటాయి, ఆ రెండంగుళాల నీళ్ళే లైనులో గాలిని ఆపేది. ఒక చెంబు నీళ్ళు పోసి చూడండి. వాడుతున్నా వస్తోందంటే, పక్కన ఫ్లష్ కొట్టినప్పుడు జాలీలో గుటకలేసినట్టు శబ్దం వస్తోందా గమనించండి. నీళ్ళు బాగానే దిగుతూ ఆ శబ్దం ఒక్కటే వస్తుంటే లైనుకి గాలి అందించే వెంట్ పైపు మూసుకుపోయింది, గాలి అందక నీళ్ళు పోతూ పోతూ ట్రాప్‌లో నీళ్ళని కూడా లాగేస్తున్నాయి. మేడ మీద దాని నోట్లో పక్షి గూడో ఆకులో ఉంటాయి. ఇవేవీ కాకపోతే అప్పుడు పగులు గురించి ఆలోచించాలి, పొగ మెషీన్‌తో లైనులోకి పొగ వదిలితే ఏ సందులోంచి కంపు వస్తోందో అదే సందులోంచి పొగ వస్తుంది.

ప్రశ్న: మా మురుగు లైను కారుతోందని తెలిసినా పొంగట్లేదు కదా అని ఇన్నాళ్ళూ వదిలేశాం. ఈ మధ్య కుళాయి నీళ్ళు వచ్చిన మొదటి పది నిమిషాలు రంగు మారి వాసన వస్తున్నాయి. రెండింటికీ ఏమన్నా సంబంధం ఉందా?

ఉండొచ్చు అమ్మా, అదే జరిగిందనుకుని ఇవాళే కదలండి. మంచినీళ్ళు రోజంతా కాకుండా కొన్ని గంటలే వదిలే చోట, సరఫరా ఆగిపోగానే పైపు ఖాళీ అవుతూ లోపల పీడనం పడిపోతుంది, ఆ పైపుకి ఎక్కడైనా చిన్న చిల్లి ఉండి చుట్టూ మట్టిలో మురుగు నిలిచి ఉంటే అది లోపలికి పీల్చుకుంటుంది. మళ్ళీ నీళ్ళు వదిలినప్పుడు ముందు వచ్చేది అదే, అందుకే మీకు మొదటి పది నిమిషాలే తేడా కనపడుతోంది.

ఆ నీళ్ళు తాగడం, వండడం, పళ్ళు తోముకోవడం ఆపేయండి. రంగు తేటపడ్డాక పట్టినవి కూడా మంచివని అనుకోకండి, మరగబెట్టాకే వాడండి, ఇంట్లో పసిపిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే నమ్మకమైన వేరే నీళ్ళు తెచ్చుకోవడమే మంచిది. సంపులోకి, ట్యాంకులోకి ఆ నీళ్ళు వెళ్ళి ఉంటే రెండూ ఖాళీ చేసి కడిగి క్లోరిన్ వేయాలి. నీళ్ళ సరఫరా వాళ్ళకి ఇవాళే రాసి ఇవ్వండి, నీళ్ళు పరీక్ష చేయించండి, పక్కింటివాళ్ళకి కూడా చెప్పండి, వాళ్ళ కుళాయి అదే పైపు మీద ఉండి ఉంటుంది.

తర్వాత రెండు పైపులూ ఎక్కడ దగ్గరికి వస్తున్నాయో, ఎక్కడ ఒకదాన్నొకటి దాటుతున్నాయో అక్కడ తవ్వించి చూడండి. మురుగు పైపు ముక్క మార్చి, మంచినీళ్ళ పైపు చిల్లి కూడా మూయించాలి, ఒక్కటి చేసి రెండోది వదిలేస్తే లాభం లేదు. వీలైతే మంచినీళ్ళ పైపుని పది అడుగులు పక్కకి జరిపించండి, దాటక తప్పని చోట మురుగు పైపుకి కనీసం అడుగున్నర పైనుంచి వెళ్ళేలా చేయించండి, ఆ దాటే చోట మంచినీళ్ళ పైపుకి జాయింట్ లేకుండా ఒకే నిడివి పైపు మధ్యకి వచ్చేట్టు వేయమనండి. పని అయ్యాక నీళ్ళు ఇంకోసారి పరీక్ష చేయించి, ఆ రిపోర్టు బాగా వచ్చేదాకా మరగబెట్టడం ఆపకండి.